కోత, మేట: తెలుగు నేల రూపుదిద్దుకున్న తీరు

నీరు, గాలి, అల, మంచు నేలను ఒరిసి, తవ్వి, కరిగించి పట్టుకుపోవడం కోత. పట్టుకుపోయినదాన్ని బలం తగ్గినచోట దించేయడం మేట. పాఠ్యపుస్తకాలు వీటినే క్రమక్షయం, నిక్షేపణ అంటాయి. భూమి లోపలి శక్తులు కొండల్ని పైకెత్తుతాయి, లోయల్ని కుంగదీస్తాయి. ఆ ఎత్తుపల్లాలను చెక్కి, మలిచి, మనం చూస్తున్న ఆకారానికి తెచ్చేవి మాత్రం ఈ రెండు పనులే. లోయ, జలపాతం, గుహ, లంక, డెల్టా, ఇసుకదిబ్బ, ఉప్పునీటి సరస్సు అన్నీ వీటి ఫలితాలే.

బడిలో ఈ రెండింటినీ వేరువేరు పాఠాలుగా చెబుతారు. అందువల్ల అసలు సంగతి పిల్లలకు అందకుండా పోతుంది. కోత, మేట ఒకే ప్రయాణానికి రెండు కొసలు. నాసిక్ కొండల మీద వానకు ఊడిన మట్టి గోదావరి వెంట వచ్చి కోనసీమలో వరిమడి అవుతుంది. ఆ దారిలో ఎక్కడ ఏ అడ్డు పడినా రెండో కొసన తేడా కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల నేల ఈ ప్రయాణాన్ని మొదటి నుంచి చివరిదాకా చూపించగలదు. ఇక్కడ లేనిదల్లా మంచునదుల పని. అదీ ఇప్పుడు లేదు గాని, దాదాపు ముప్పై కోట్ల సంవత్సరాల కిందట ఉండేది. ఆనాటి హిమానీనదాల కాలపు గులకలు, గుండ్రాళ్లు ప్రాణహిత–గోదావరి లోయ అడుగున తాల్చేర్ రాతిపొరల్లో నేటికీ ఉన్నాయి.

రాయి వదులు కావడం

గట్టి రాయిని నీరు ఉన్నపళంగా కోయలేదు. ముందు ఆ రాయి వదులు కావాలి. ఎండకు వ్యాకోచించి రాత్రి చలికి ముడుచుకోవడం, పగుళ్లలో వేళ్లు దిగడం, ఖనిజాలు నీటితో కలిసి మెత్తని మట్టిగా మారడం, ఇవన్నీ కలిసి రాతిని బలహీనపరుస్తాయి. దీన్ని శిథిలీకరణ అంటారు. ఇందులో రాయి ఉన్నచోటే ఉంటుంది. కదిలి వెళ్లిపోతేనే అది కోత.

హైదరాబాదు చుట్టుపక్కల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గ్రానైటు గుండ్లు ఈ తేడాకు మంచి ఉదాహరణ. ఆ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. అది భూమి పైన పుట్టలేదు. కొన్ని కిలోమీటర్ల లోతున శిలాద్రవం నెమ్మదిగా గట్టిపడి తయారైంది. పైనున్న రాయంతా యుగాల తరబడి కోసుకుపోయాక, మీద బరువు తగ్గి, రాయి అడ్డంగా నిలువుగా పగిలింది. ఆ పగుళ్లలోకి దిగిన నీరు ముందు దిమ్మెల మూలల్ని తినేసింది. మూలలు పోతే మిగిలేది గుండ్రని నడిబొడ్డు. ఉల్లిపాయ పొరల్లా పెచ్చులు ఊడుతూ అది ఇంకా నునుపెక్కుతుంది. చుట్టూ ఉన్న మెత్తని మట్టిని వానలు ఊడ్చేశాక గుండు గుండు మీద నిలబడిపోయింది. ఎవరో పేర్చిన వింతలా కనిపించేది నిజానికి పేర్చింది కాదు, చుట్టుపక్కలదంతా తీసేయగా మిగిలింది. కాలనీల కోసం వాటిని పేల్చి కంకర చేస్తున్నాం. మళ్లీ తయారు కావడానికి మనిషి కాలమానంలో గడువు లేని వస్తువు అది.

సున్నపురాయి దగ్గర పని వేరే తీరున నడుస్తుంది. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని పలచని ఆమ్లమవుతుంది. సున్నపురాయి అందులో కరిగిపోతుంది. నంద్యాల జిల్లా బెలుం గుహలు ఇలా ఏర్పడ్డవే. భూగర్భజలం పగుళ్ల వెంట దారులు కరిగించుకుంటూ పోయి 3,229 మీటర్ల పొడవున సొరంగాలు తొలిచింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గుర్తించాడు. 1982–83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వివరంగా పటం గీసింది. అరకు దారిలో అనంతగిరి కొండల్లోని బొర్రా గుహల్లో అదే నీరు ఎదురుపని కూడా చేసింది. కప్పునుంచి జారే బొట్టులోని వాయువు గాలిలో కలిసిపోగానే, బొట్టు మోస్తున్న సున్నం గడ్డకట్టి అక్కడే నిలిచిపోతుంది. పైనుంచి ఊడలు దిగుతాయి, కిందనుంచి స్తంభాలు లేస్తాయి. కోత, మేట ఒకే గదిలో, ఒకే బొట్టులో జరగడం చూడాలంటే బొర్రాకు మించిన చోటు తెలుగు నేల మీద లేదు.

ప్రవాహం దేన్ని మోస్తుంది, దేన్ని వదిలేస్తుంది

నది మూడు రకాలుగా బరువు మోస్తుంది. లవణాలు కరిగి కనిపించకుండా పోతాయి. ఒండ్రు, బంకమట్టి నీటిలో తేలుతూ పోతాయి. వరద గోదావరికి ఎర్రటి రంగు దీనివల్లే. ఇసుక, గులకరాళ్లు అడుగున దొర్లుతూ, గెంతుతూ పోతాయి.

వేగం పెరిగితే కోత, తగ్గితే మేట అన్నది స్థూలంగా నిజమే. కానీ అందులో ఒక మెలిక ఉంది. 1935లో స్వీడన్ శాస్త్రవేత్త ఫిలిప్ యూల్‌స్ట్రోమ్ దాన్ని గ్రాఫుగా గీసి చూపించాడు. అన్నింటికంటే తేలిగ్గా లేచేది సన్నని ఇసుక. దానికంటే సన్నగా ఉండే బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి కాబట్టి, వాటిని లేపడానికి ఎక్కువ వేగం కావాలి. ఒకసారి లేచాక మాత్రం దాదాపు నిలకడ నీటిలోనే అవి కిందికి దిగుతాయి. అందుకే నది మధ్య తిన్నెలన్నీ ఇసుక, వరద నిలిచిన పొలాల్లో మిగిలేది మెత్తని ఒండ్రు, సముద్రంలో దూరంగా చేరేది బురద. నీరు తాను మోసినదాన్ని ఇలా జల్లించి దించుతుంది.

ఈ జల్లెడ వల్లే కృష్ణ ఒడ్డున వజ్రాలు దొరికాయి. ఎక్కడో లోతైన రాళ్లలో పుట్టిన వజ్రం, ఆ రాయి శిథిలమయ్యాక, గట్టిది కావడంతో అరగకుండా గులకరాళ్లతో పాటు కొట్టుకొచ్చి నది మేటల్లో చేరింది. కోహినూరు పుట్టిల్లుగా చెప్పే కొల్లూరు గని అలాంటి మేటలో తవ్విందే. ఇప్పుడు అది పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో తొలకరి పడగానే జనం వజ్రాల వేటకు దిగడం వెనక ఉన్నదీ ఇదే. వాన పైమట్టిని కడిగేస్తే బరువైన రాళ్లు బయటపడతాయి.

ఇరుకైన చోట్లు: గండికోట, పాపికొండలు

కడప జిల్లా ఎర్రమల కొండల్ని పెన్న నిట్టనిలువుగా కోసిన చోటు గండికోట. నిలువు గోడలు సుమారు మూడు వందల అడుగుల ఎత్తు లేస్తాయి. అక్కడి రాయి ఎర్రటి క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుకే గట్టిపడి రాయైనది. అది చాలా గట్టిది. మెత్తని రాయైతే గోడలు జారిపోయి లోయ వెడల్పయ్యేది. గట్టిరాయి కాబట్టి నది తన అడుగుభాగాన్నే కోసుకుంటూ దిగింది. రాయిలో సహజంగా ఉన్న నిలువు పగుళ్ల వెంట దిమ్మెలు ఊడి పడటంతో గోడలు రంపంతో కోసినట్టు నిలిచాయి. ఏడాదిలో ఎక్కువ కాలం పలచగా పారే పెన్న ఇంత పని ఎలా చేసిందని చూసేవాళ్లకు అనుమానం వస్తుంది. నది పనిలో ఎక్కువ భాగం వరద రోజుల్లోనే జరుగుతుంది. మిగతా రోజుల్లో అది దాదాపు విశ్రాంతిలో ఉన్నట్టే.

గోదావరి తూర్పు కనుమల్ని దాటే పాపికొండల దగ్గర కథ మరింత లోతైనది. నది అక్కడ కొండల మధ్య ఇరుకై, పోలవరం దగ్గర మైదానంలోకి వచ్చి, రాజమహేంద్రవరం చేరేసరికి రెండున్నర కిలోమీటర్లకు పైగా పరుచుకుంటుంది. పోలవరం ప్రాజెక్టు కోసం అడుగున రాతిదాకా డయాఫ్రం గోడ దించాల్సి వచ్చినప్పుడు, కొన్నిచోట్ల తొంభై మీటర్లకు పైగా ఇసుక మేట తేలింది. అంటే అసలు రాతిలోయ అడుగు ఇప్పటి సముద్ర మట్టానికి బాగా దిగువన ఉంది. దీన్ని అర్థం చేసుకోవాలంటే మంచుయుగం దగ్గరికి వెళ్లాలి. సుమారు 20,000 సంవత్సరాల కిందట సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువ. నది ఏ మట్టానికి చేరాలో ఆ మట్టం దిగిపోతే, నది తన దారినంతా మరింత లోతుకు కోయగలుగుతుంది. సముద్రం తిరిగి లేచాక ఆ లోతు ఇసుకతో నిండుతుంది. 2020 వరదల్లో పోలవరం దగ్గరే నీటి బలం మరోలా కనిపించింది. పూర్తికాని కాఫర్‌డ్యాముల (నీటిని మళ్లించే తాత్కాలిక కట్టల) ఖాళీల గుండా నీరు ఒరుసుకుపోవడంతో నది అడుగున పెద్ద గుంతలు పడ్డాయి, డయాఫ్రం గోడ దెబ్బతింది. దారి ఇరుకైతే నీరు వేగం పుంజుకుంటుంది. వేగం పుంజుకున్న నీరు అడుగును తవ్వుతుంది.

డెల్టా: మేట కట్టిన నేల

త్రయంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి, మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చినదంతా కలుపుకొని సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్ల నేల మట్టిని ధవళేశ్వరం దాకా తెస్తుంది. అక్కడినుంచి వాలు దాదాపు ఉండదు. నీరు నెమ్మదించి, మోయలేని బరువును దించేస్తూ, తాను దించిన మేటే తనకు అడ్డమై పాయలుగా చీలిపోతుంది. గౌతమి యానాం వైపు, వశిష్ఠ అంతర్వేది వైపు పోతాయి. వశిష్ఠలోంచి చీలిన వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల మధ్య నేలే కోనసీమ.

ఇప్పటి డెల్టాలో చాలా భాగం గత ఆరువేల సంవత్సరాల్లో పెరిగినదే. సముద్రం లేవడం నెమ్మదించాక నదులు తెచ్చిన మట్టిది పైచేయి అయింది. ఒకప్పటి తీరరేఖలు ఇసుక మెరకలుగా సముద్రానికి సమాంతరంగా వరసలు తీరి మిగిలాయి. కోనసీమలో, నరసాపురం ప్రాంతంలో, బాపట్ల చుట్టూ ఊళ్లు, కొబ్బరి తోటలు ఈ మెరకల మీద ఉంటాయి, వరి మెరకల మధ్య పల్లాల్లో పండుతుంది. ఊరి గట్టు మీద నిలబడితే పాతకాలపు సముద్రపు ఒడ్డున నిలబడినట్టే. గోదావరి ఒక వైపు, కృష్ణ మరో వైపు సముద్రంలోకి చొచ్చుకుపోగా మధ్యలో పూడని పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దానిలో పడతాయి, ఉప్పుటేరు దాని నీటిని సముద్రానికి చేరుస్తుంది.

డెల్టా స్థిరమైన నేల కాదు. నది వంపు తిరిగిన చోట బయటి ఒడ్డున నీరు వేగంగా తగిలి కోస్తుంది, లోపలి ఒడ్డున నెమ్మదించి ఇసుక పరుస్తుంది. లంక రైతుకు ఇది ఏటా ఎదురయ్యే సంగతే. ఈ ఏడు ఒక అంచున కొబ్బరిచెట్లు వేళ్లతో సహా ఏట్లో పడితే, ఎదుటి ఒడ్డున కొత్త తిన్నె లేస్తుంది. పోయింది ఒకరి భూమి, లేచింది ఇంకొకరి వైపు. చట్టానికి అది తగాదా, నదికి అది మామూలు పని. ఎవరి నష్టాన్నీ నది లెక్కలో పెట్టుకోదు కాబట్టి ఆ లెక్క ప్రభుత్వమే చూడాలి. లంకల కోతను ప్రకృతి వైపరీత్యంగా గుర్తించి పరిహారం ఇవ్వాలన్న లంకవాసుల మాటలో న్యాయం ఉంది.

మేట ఓడరేవుల్నీ మూసేసింది. గౌతమి మొగ దగ్గరి కోరంగి పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో పేరున్న రేవు. 1789, 1839 తుఫానులు దాన్ని దెబ్బతీశాయి, ఒండ్రు పూడిక మిగతా పని పూర్తిచేసింది. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు కోరంగీలని పిలవడానికి కారణమైన రేవు చుట్టూ ఇప్పుడు మడ అడవులు పెరుగుతున్నాయి. ఆ అడవి నిలబడిన బురద కూడా గోదావరి తెచ్చిందే.

మేట రాయైతే

వదిలేసిన మేట అక్కడే పడి ఉంటే, దాని మీద కొత్త పొరలు పడి, ఆ బరువుకు, లోపలి వేడికి అది గట్టిపడుతుంది. సింగరేణి బొగ్గు అలా పుట్టింది. ఇరవై అయిదు కోట్ల సంవత్సరాలకు మునుపు గోదావరి లోయ కుంగుతూ ఉండగా, నదుల పక్క చిత్తడి అడవులు ఇసుక, మట్టి కింద పూడిపోయాయి. ఆ లోయలోనే తరవాతి కాలపు నది మేటల్లో యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి కోటసారస్ ఎముకల గూడు హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

కోతకూ మేటకూ మధ్య ఎంత కాలం గడవగలదో తిరుమల ఘాట్ రోడ్డు చెబుతుంది. కింద గ్రానైటు, నైస్ వంటి పురాతన శిలలు ఉన్నాయి. పైన ఎర్రటి క్వార్ట్‌జైట్ పొరలు పడుకొని ఉన్నాయి. రెండూ కలిసే గీత ఒకప్పటి నేల ఉపరితలం. ఆ నేల మీద కొండలు అరిగిపోయాయి, ఆ తరవాత ఇసుక పడి, ఆ ఇసుక రాయైంది. ఈ గీతకు అటు ఇటు ఉన్న శిలల మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల ఖాళీ ఉందని భారత భూవిజ్ఞాన సర్వే చెబుతుంది. ఆ ఖాళీలోని చరిత్రను కోత పూర్తిగా తుడిచేసింది. రోజూ వేలమంది భక్తులు ఆ గీత పక్కనుంచే బస్సుల్లో వెళ్తారు. దాన్ని చూపే బోర్డు మీద ఒక్క నిమిషం దృష్టి పెట్టినా ఆ ప్రయాణం మరో తీరున ఉంటుంది. కొండ మీది శిలాతోరణం అదే క్వార్ట్‌జైట్‌లో, బలహీనమైన పొరలు రాలిపోయి మధ్య ఖాళీ ఏర్పడగా మిగిలిన సహజ వంతెన.

తీరం: సముద్రం కోత, సముద్రం మేట

నది మొగ దాటిన ఇసుక అక్కడే ఆగదు. నైరుతి నుంచి వచ్చే అలలు తీరాన్ని ఏటవాలుగా తాకి, ఇసుకను ఒడ్డు వెంట ఉత్తరం వైపు నెడతాయి. ఈశాన్య రుతుపవన కాలంలో కొంతకాలం ఎదురు దిశలో నడిచినా, ఏడాది మొత్తం మీద ఆంధ్ర తీరంలో నికరంగా ఇసుక నడక ఉత్తరానికే.

కాకినాడ ముందు పడుకున్న హోప్ ఐలాండ్ ఈ నడక ఫలితం. గౌతమి మొగ ఇసుక ఉత్తరం వైపు సాగి, గత రెండు వందల సంవత్సరాల్లో సుమారు 16 కిలోమీటర్ల నాలుకలా పెరిగింది. దాని చాటున నీరు ప్రశాంతంగా ఉండటం వల్లే కాకినాడ మంచి రేవైంది. అయితే కాకినాడకు దొరికిన చాటు ఉప్పాడకు దొరకలేదు. ఇసుక నాలుక దగ్గరే నిలిచిపోవడంతో ఉత్తరాన ఉన్న ఉప్పాడ తీరానికి అందాల్సింది తగ్గింది. నాలుక అంచున వంగిన అలల బలమూ ఆ ఒడ్డు మీదే పడుతుంది. ఇళ్లు, గుడులు, రోడ్డు ముక్కలు సముద్రంలో కలిశాయి. బండరాళ్లు, ఇసుక నింపిన జియోట్యూబులు అడ్డం వేశారు. గోడ తన వెనకున్న నేలను కొంతకాలం కాపాడుతుందే గాని ఇసుకను సృష్టించలేదు. గోడ అంచు దగ్గర కోత మరింత ముదురుతుంది.

విశాఖలో ఇదే సమస్యను వేరుగా ఎదుర్కొన్నారు. 1933లో రేవు ప్రారంభమైన రోజుల్లో రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డం పెట్టారు. తరవాత 1970ల్లో డాల్ఫిన్ నోస్ దగ్గర బయటి రేవు గోడలు కట్టాక, ఉత్తరానికి నడిచే ఇసుక ఆ గోడల దక్షిణాన నిలిచిపోయింది, రామకృష్ణా బీచి సన్నబడింది. నిలిచిన ఇసుకను డ్రెడ్జర్లతో తీసి బీచికి పంపు చేస్తున్నారు. సముద్రం ఉచితంగా చేసే పనిని గోడ ఆపింది కాబట్టి యంత్రం చేయాల్సి వస్తోంది. ఉప్పాడ రాళ్లకంటే ఇది తెలివైన మార్గమే. తీరానికి ఆకలి వేసింది ఇసుక కోసం, ఇస్తున్నది ఇసుకే. కానీ ఏ ఏడు మానేసినా బీచి మళ్లీ తగ్గుతుంది.

దక్షిణాన పులికాట్ కూడా అలల మేట వల్లే పుట్టింది. శ్రీహరికోట ఇసుకపట్టీ సముద్రానికి అడ్డంగా పెరగడంతో లోపలి నీరు సరస్సైంది. చిలికా తరవాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు అదే.

గాలి

విశాఖ–భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు మంచుయుగపు దాఖలాలు. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో బయటపడ్డ ఇసుకను గాలి లోపలికి ఎగరేసి కుప్పలు పోసింది. కనుమల నుంచి వచ్చిన వాగులూ కొంత చేర్చాయి. ఇసుకలోని ఇనుప ఖనిజాలు కాలక్రమంలో తుప్పుపట్టి రేణువులకు ఎర్రపూత వేశాయి. ఆ మేటను తరవాతి వానలు చీల్చి లోతైన గండ్లు, నిలువు గోడల చిక్కుదారులు చేశాయి. ఇంతటి మేట, ఇంతటి కోత ఒక్క చోట నిలిచి ఉండటం దక్షిణాసియాలో బహు అరుదు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. చుట్టూ లేఔట్లు పెరిగి, మట్టి తవ్వకాలు జరిగి, దిబ్బల విస్తీర్ణం తగ్గిపోయింది. మిగిలినదానికి కంచె కట్టడమే తక్షణం జరగాల్సిన పని.

గాలి మేట రాయలసీమలో నష్టం రూపంలో కనిపిస్తుంది. సాలుకు 550 మిల్లీమీటర్లే వాన పడే అనంతపురం జిల్లాలో, కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు, ఎండిన వేదవతి ఇసుకను నైరుతి గాలులు పొలాల మీదికి ఎగరేసి తిన్నెలు పోస్తున్నాయి.

ఆనకట్టల తరవాత

ఇరవయ్యో శతాబ్దంలో మట్టి ప్రయాణానికి కొత్త అడ్డాలు వచ్చాయి. జలాశయంలో నీరు నిలకడైతే మట్టి కూడా నిలుస్తుంది. శ్రీరామసాగర్ నిల్వ సామర్థ్యం మొదట 112 టీఎంసీలు, తరవాతి సర్వేలో 90కి తగ్గినట్టు తేలింది. తుంగభద్ర 133 నుంచి 105కు వచ్చింది. పూడిన ప్రతి టీఎంసీ పొలానికి అందని నీరు. అదే సమయంలో డెల్టాకు చేరని మట్టి కూడా. ఈ రెండో లెక్క వేసేవాళ్లు తక్కువ.

డెల్టా తరఫున ఆ లెక్క వేసినవాళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ముందుంటారు. గోదావరిలో తేలి వచ్చే మట్టి 1970ల్లో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా, 2000 తరవాతి ఏళ్లలో 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. కృష్ణలో 1960ల చివర 90 లక్షల టన్నులు ఉన్నది 2000 తరవాత 4 లక్షలకు దిగింది. అంతకుముందే నాగార్జునసాగర్, శ్రీశైలం పూర్తయ్యాయి. కొత్త మట్టి అందని డెల్టా ఉన్నచోట ఉండదు. పాత ఒండ్రు తన బరువుకే కుంగుతుంది, సముద్రమట్టం పెరుగుతుంది, అలలు ఒడ్డును కోస్తాయి. పూడిక, ఇసుక తవ్వకం, తీరం కోత వేరువేరు శాఖల ఫైళ్లలో ఉన్నంతకాలం వీటి మధ్య సంబంధం కనిపించదు.

పోలవరం పూర్తయితే గోదావరిలో డెల్టాకు పైన చివరి పెద్ద జలాశయం అదే అవుతుంది. దాని నిల్వ 194 టీఎంసీలు. నది ఏడాది ప్రవాహంతో పోలిస్తే అది చిన్న భాగమే కాబట్టి, 48 గేట్లు ఎత్తే పెద్ద వరదల్లో సన్నని ఒండ్రు చాలావరకు కిందికి దాటిపోతుంది. ఇసుక సంగతి అలా కాదు, అది జలాశయం పైకొసనే దిగిపోతుంది. వరద తొలి రోజుల్లో, నీరు బాగా ఎర్రగా ఉన్నప్పుడు, నిల్వ చేయకుండా వదిలేస్తే ఒండ్రులో ఎక్కువ వాటా డెల్టాకు చేరుతుంది. గేట్లు ఎప్పుడు ఎత్తాలో నిర్ణయించే పట్టికలో నీటి లెక్కతో పాటు మట్టి లెక్కనూ ఇప్పుడే చేర్చాలి, ధవళేశ్వరం దగ్గర ఏటా ఆ మట్టిని కొలిచి ప్రకటించాలి.